అన్న చెయ్యి: పర్లాకిమిడిలో ఒక పక్షవాతం కేసు

మొదటిరోజు నేను దుప్పటి తీసి ఎడమ చెయ్యి పట్టుకోగానే టైలర్ మాస్టారు కంగారుపడ్డారు.

"మెల్లగా బాబూ. అది మా అన్నది."

పక్షవాతం వచ్చిన వాళ్లు "ఈ చెయ్యి నాది కాదనిపిస్తోంది" అనడం మామూలే. ఆ మాటలో బాధ ఉంటుంది, పోలిక ఉంటుంది. ఇక్కడ పోలికేం లేదు. పక్కింటివాళ్ల గిన్నె మన ఇంట్లో ఉంటే "అది వాళ్లది, జాగ్రత్త" అంటాం చూడండి, సరిగ్గా అలా అన్నారు. పదిహేనేళ్లుగా ఫిజియోథెరపీ చేస్తున్నాను. పుస్తకంలో చదివినదాన్ని ఇంత స్పష్టంగా చూడడం ఇదే మొదటిసారి. మాస్టారు, వాళ్ల ఇంటివాళ్లు ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టేలా ఉన్న వివరాలు కొన్ని మార్చాను.

మాది పర్లాకిమిడి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరుపడినప్పుడు అటు చేరిన ఊరు. ఇప్పుడు గజపతి జిల్లా కేంద్రం. పాతపట్నం వైపు కాస్త దూరం వెళ్తే ఆంధ్రా వచ్చేస్తుంది. మాస్టారి దుకాణం బోర్డు మీద ఒడియా పైన, తెలుగు కింద. గిరాకీ ఏ భాషలో అడిగితే ఆ భాషలో కొలతలు చెబుతారు.

ఆయనకి 64 ఏళ్లు, కుడిచేతివాటం. పదేళ్లుగా బీపీ ఉంది. మాత్రలు మాత్రం బుద్ధి పుట్టినప్పుడు వేసుకునేవారు. మార్చిలో ఒక తెల్లవారుజామున బాత్రూమ్‌కి లేచి పడిపోయారు. ఎడమ కాలు, ఎడమ చెయ్యి పనిచేయలేదు. ఇంటివాళ్లు ముందు పసరు మందిచ్చే ఆయన దగ్గరికి తీసుకెళ్లారు. మర్నాడు మధ్యాహ్నానికి గానీ బరంపురం చేరలేదు. రక్తం గడ్డని కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు పడాలి. ఆ సమయం దారిలో కూడా కాదు, పసరు రాసే అరుగు మీదే అయిపోయింది. దీని గురించి ఇంతకంటే రాయను. ఆ ఇంట్లో వాళ్లు ఇప్పటికే కావలసినంత బాధపడ్డారు.

స్కానింగ్‌లో మెదడు కుడివైపు, మిడిల్ సెరిబ్రల్ ఆర్టరీ అనే రక్తనాళం పరిధిలో పెద్ద దెబ్బ కనిపించింది. మెదడు పైన వెనకవైపుండే పరైటల్ భాగం, లోపల ఇన్సులా అనే మడత, రెండూ అందులో ఉన్నాయి. నేను చూసింది 23వ రోజున. కాలు కొంచెం ఎత్తగలుగుతున్నారు. చేతిలో కదలిక సున్నా. భుజం కీలు ఒక వేలు మందం కిందికి జారింది. కళ్లు మూయించి ఎడమ చేతిని ముట్టుకుంటే తెలియడంలేదు.

మాట మాత్రం శుభ్రంగా ఉంది. ఎవరి జాకెట్ల డబ్బులు బాకీ ఉన్నాయో వరసగా చెప్పారు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఆయనకి మతి తప్పలేదు.

"అన్నయ్య పోయి ఎన్నాళ్లయింది మాస్టారూ?"

"పన్నెండేళ్లు. కార్తీకంలో పోనాడు."

"మరి ఆయన చెయ్యి ఇక్కడ ఎలా ఉంది?"

కాసేపు ఆలోచించారు. "అదే నాకూ తెలీడంలేదు బాబూ. ఒగ్గేసి పోనాడు."

"మీకు చేతులెన్ని?"

"రెండు."

"రెండోది ఏది?"

"దీని కిందెక్కడో ఉంటాది."

ఆ చేతి మీద ఆయనకి కోపం లేదు. ఇలాంటి పేషెంట్లలో కొందరు తమ చెయ్యినే తిడతారు, గిల్లుతారు, మంచం మీంచి తోసేస్తారు. ఈయన అలా కాదు. దాని మీద తువ్వాలు కప్పి, చలి తగలకుండా చూడమని పెళ్లానికి చెప్పేవారు. అన్నే ఎందుకు అంటే ఆవిడ దగ్గర సమాధానం ఉంది. మాస్టారికి కత్తెర పట్టడం నేర్పింది ఆ అన్నగారేనట.

వైద్యంలో దీనికి రెండు పేర్లు వినిపిస్తాయి. తనకి పక్షవాతం వచ్చిన సంగతే పేషెంటుకి తెలియకపోవడాన్ని 1914లో బాబిన్‌స్కీ అనోసోగ్నోసియా అన్నాడు. తన అవయవం ఇంకొకరిదనడాన్ని 1942లో గెర్స్ట్‌మన్ సొమటోపారాఫ్రీనియా అన్నాడు. రెండూ ఎక్కువగా కుడి మెదడు దెబ్బతింటేనే కనిపిస్తాయి. ఎడమ మెదడు కుడివైపుని మాత్రమే కాపలా కాస్తుందని, కుడి మెదడు రెండు వైపులా చూసుకుంటుందని ఒక వివరణ. ఎడమ మెదడు పోతే కుడిది ఆదుకుంటుంది. కుడిది పోతే ఎడమ ప్రపంచానికి కాపలాదారు ఉండడు.

ఇంట్లో పేరు వేరు. "మా బావగారు దిగారు బాబూ," అంది మాస్టారి భార్య మెల్లగా, ఆయనకి వినపడకుండా. శాంతి చేయించడానికి మనిషిని కూడా మాట్లాడేశారు.

రబ్బరు గ్లవ్

ఆమెతో వాదించి లాభం లేదు. మాస్టారితో వాదించినా అంతే. "ఇది నీ చెయ్యే, చూడు, భుజానికి అతుక్కుని లేదా" అని కొడుకు రోజూ చెబుతున్నాడు. ఆయన చూస్తారు, అవునంటారు, అయినా అన్నదే అంటారు. దుకాణంలో చెత్తబుట్ట నిండా గుడ్డముక్కలున్నాయి కదా, వాటిని ఒక రబ్బరు గ్లవ్‌లో కుక్కి చెయ్యిలా చేశాను. కొడుకుని బల్ల ముందు కూర్చోబెట్టి, అతని ఎడమ చేతిని అట్టముక్క చాటున పెట్టించాను. కళ్లకి కనిపించేది గ్లవ్ మాత్రమే. రంగులు వేసే బ్రష్‌లు రెండు తీసుకుని, దాచిన చేతినీ గ్లవ్‌నీ ఒకే వేలి మీద, ఒకే వేగంతో, ఒకేసారి రాస్తూ కూర్చున్నాను. రెండు మూడు నిమిషాలకి అతను నవ్వడం మొదలుపెట్టాడు. "అక్కడే తగులుతోంది సార్, గ్లవ్ మీద." అప్పుడు పెద్ద కత్తెర తీసి గ్లవ్ మీదకి ఎత్తాను. "అమ్మో" అని చాటునున్న తన చెయ్యి లాగేసుకున్నాడు.

అమెరికాలో బాట్‌వినిక్, కోహెన్ అనే ఇద్దరు 1998లో ప్రచురించిన ప్రయోగం ఇది. బ్రష్‌లు ఒకదాని వెనక ఒకటి తప్పుతూ రాస్తే పనిచేయదు.

మాస్టారి భార్యని అడిగాను. "మీ అబ్బాయికి గుడ్డముక్కలు తనవనిపించాయి కదమ్మా, అతనికి ఎవరు దిగారు?" ఆమె నవ్వలేదు. గ్లవ్ తీసుకుని తన ఒళ్లో పెట్టుకుని తిప్పి తిప్పి చూసింది. శాంతి మనిషి రావడం రెండు వారాలు వాయిదా పడింది. తర్వాత వచ్చాడు కూడా. నేను అభ్యంతరం చెప్పలేదు, వ్యాయామం టైముకి అడ్డం రాకుండా చూడమన్నాను.

నేను వాళ్లకి చెప్పింది ఇది. చెయ్యి మనదని మనం పుట్టుకతో వచ్చిన పట్టా చూసుకుని అనుకోం. కన్ను ఒక కబురు పంపుతుంది, చర్మం ఒకటి, కీళ్లు ఒకటి. మూడూ కలిస్తే మెదడు "నాది" అని రాసుకుంటుంది. క్షణక్షణం మళ్లీ రాసుకుంటూనే ఉంటుంది. కొడుక్కి నేను దొంగ కబుర్లు కలిపి పంపాను, మెదడు రాసేసుకుంది. మాస్టారికి చర్మం నుంచి, కీళ్ల నుంచి కబురు ఆగిపోయింది, లెక్క రాసే చోటే దెబ్బ తగిలింది. కంటికి ఒక చెయ్యి కనిపిస్తోంది, ఖాతాలో లేదు. ఖాతాలో లేని చెయ్యి ఎవరిదో ఒకరిది అయ్యుండాలి.

వీధిలో సగం

ఎడమవైపు ఆయనకి ఎంత పోయిందో చూడడానికి కాగితం గీతలకంటే గుడ్డే నయమనిపించింది. ఇరవై అంగుళాల గుడ్డముక్క పరిచి సుద్ద ఇచ్చి మధ్యలో గీత పెట్టమన్నాను. జీవితమంతా కంటితో కొలిచిన మనిషి, ఎడమ అంచు నుంచి పద్నాలుగో అంగుళం దగ్గర పెట్టారు. కంచంలో కుడివైపు అన్నం తిని, ఇంకా వడ్డించలేదని కేకలేసేవారు. కంచం తిప్పితే "ఇప్పుడు పెట్టావా" అనేవారు.

ఇది చూపు సమస్య అనుకునేవాళ్ల కోసం తర్వాతి పరీక్ష. మిలాన్‌లో బిసియాక్, లుజాటి అనే ఇద్దరు 1978లో రాసిన పద్ధతి. వాళ్లు పేషెంట్లని ఊహలో ఆ ఊరి పెద్ద చర్చి ముందు కూడలిలో నిలబెట్టారు. నేను మాస్టారిని ఆయన వీధిలో నిలబెట్టాను.

"కళ్లు మూసుకోండి. రామమందిరానికి వీపు పెట్టి మెయిన్ రోడ్డు వైపు చూస్తున్నారు. దుకాణాలు చెప్పండి."

మందుల షాపు, పాన్ డబ్బా, కిరాణా, గాజుల కొట్టు. అన్నీ కుడివైపువే. ఇంకేమైనా ఉన్నాయా అంటే లేవన్నారు. కాసేపు వేరే మాటలు మాట్లాడి మళ్లీ అడిగాను. "ఇప్పుడు మెయిన్ రోడ్డు మీంచి మందిరం వైపు వస్తున్నారు." పిండిమర, సైకిల్ షాపు, టీ కొట్టు, తన సొంత దుకాణం. ఇందాకటి పాన్ డబ్బా, గాజుల కొట్టు మాయం. మొదటిసారి వదిలేసినవాటిలో నలభై ఏళ్లు తను కూర్చున్న దుకాణం కూడా ఉందని గమనించండి. జ్ఞాపకం ఉంది. ఆ జ్ఞాపకంలో ఎటు తిరిగి నిలబడితే అటు ఎడమవైపు చీకటి.

ఈ కేసులో నాకు నిద్రపట్టనివ్వనిది మాత్రం ఇంకొకటి. రెండు చొక్కాల బొమ్మలు గీశాను, ఒకదాని కింద ఒకటి. ఒకటి మామూలుది, ఇంకోదానికి ఎడమ అంచున చెయ్యి చిరిగి వేలాడుతోంది. తేడా ఉందా అంటే లేదన్నారు. రెండూ ఒకటేనట. "సరే, మీరైతే ఏది తొడుక్కుంటారు?" పదిసార్లు, స్థానాలు మారుస్తూ అడిగాను. ఏడుసార్లు చిరగనిదే చూపించారు. "రెండూ ఒకటే కదా, ఇదెందుకు?" అంటే "ఊరికే" అన్నారు.

పదికి ఏడు అంటే నాణెం ఎగరేసినా వస్తుంది. కాబట్టి దీన్ని రుజువనడంలేదు. కానీ మార్షల్, హాలిగన్ 1988లో రెండు ఇళ్ల బొమ్మలతో ఇదే చేశారు. ఒక ఇంటికి ఎడమవైపు మంటలు. తేడా లేదన్న పేషెంటు, ఉండడానికి మాత్రం ఎక్కువసార్లు మంటలు లేని ఇల్లే ఎంచుకుంది. ఆ తర్వాత ఇంకొకరు చేసినప్పుడు కాలుతున్న ఇల్లే కావాలన్న పేషెంట్లు కూడా తేలారు. ఏమైనా, చూసిన సమాచారం లోపలికి చేరడం ఒకటి, "నేను చూశాను" అనడం మరొకటి అని ఇక్కడ తెలుస్తుంది. మామూలుగా మనలో ఈ రెండూ కలిసే ఉంటాయి కాబట్టి రెండున్నాయని మనకి అనుమానమే రాదు.

ట్రయల్ అద్దం

దుకాణంలో ట్రయల్ కోసం పెట్టిన నిలువుటద్దం ఉంది. ఫోటోపౌలూ అనే శాస్త్రవేత్త బృందం 2011లో రాసిన ఒక పేపరు గుర్తొచ్చి, దాన్ని ఇంటికి తెప్పించాను. మాస్టారిని కుర్చీలో కూర్చోబెట్టి, అద్దాన్ని ఆయన కుడివైపుకి బాగా జరిపాను. లేకపోతే ఎడమ చెయ్యి ఆయన లెక్కలోకే రాదు.

"అద్దంలో ఎవరు?"

"నేనే."

"ఆ చెయ్యి ఎవరిది?"

"నాదే. ఇంకెవరిది?"

గదిలో ఎవరూ కదల్లేదు. అదే చేతిని ఎత్తి కుడివైపుకి, ఆయన ఒళ్లోకి తెచ్చి నేరుగా చూపించాను.

"ఇది?"

"అన్నది."

మళ్లీ అద్దం. "నాది." మళ్లీ ఒళ్లో. "అన్నది." నాలుగోసారికి ఆయనే విసుక్కున్నారు.

పేపర్లో రాసింది ఇదే. తనని తాను బయటినుంచి, ఎదుటి మనిషిని చూసినట్టు చూస్తే చెయ్యి తనదవుతుంది. లోపలినుంచి చూస్తే కాదు. అంటే "నేను" అనేది ఒకే చోట ఉండే ఒకే వస్తువు కాదు. "ఫలానా టైలర్‌ని, ఈ ముఖం నాది" అనే ఎరుక మాస్టారిలో చెక్కుచెదరలేదు. "ఇది నా ఒళ్లు" అనే పాత లెక్క మాత్రం చెడింది.

పాత లెక్క అని ఊరికే అనలేదు. కదిలే ప్రతి ప్రాణికీ ఒక చిక్కుంది. కళ్ల ముందు బొమ్మ జరిగితే, లోకం జరిగిందా, నేను జరిగానా? ఇది తేల్చుకోలేని పురుగు ఒక్క అడుగు వేయలేదు. 1950లో ఫాన్ హోల్స్ట్, మిట్టెల్‌స్టెట్ అనే జర్మన్ శాస్త్రవేత్తలు ఒక ఈగ తలని 180 డిగ్రీలు తిప్పి అతికించేశారు. అది కదలబోతే చాలు, ఆగకుండా గిరగిరా తిరిగింది. తను కదిలితే బొమ్మ ఎటు జరగాలో దాని బుర్రలో ముందే ఒక నకలు ఉంది. తల తిప్పేసరికి నకలుకీ వచ్చిన కబురుకీ పొంతన పోయింది. మనకి మనం చక్కిలిగింతలు పెట్టుకోలేకపోవడం కూడా ఈ నకలు పుణ్యమే. నా వేలు ఎక్కడ తగలబోతోందో మెదడుకి ముందే తెలుసు కాబట్టి ఆ కబురుని తగ్గించేస్తుంది. కళ్లూ కాళ్లూ ఉన్న జంతువులు సముద్రంలో తిరగడం మొదలై 50 కోట్ల ఏళ్లు దాటింది. "నేను ఎవరు" అనే ప్రశ్న చాలా ఆలస్యంగా పుట్టింది. "ఇది నేను చేసిందా, నాకు జరిగిందా" అనే లెక్క దానికంటే ఎంతో ముందుది అని నా నమ్మకం. మాస్టారిలో పగిలింది ఆ అడుగు వరస రాయి.

అద్దాన్ని రాత్రి వరండాలో వదిలేశాం. మర్నాడు వాళ్ల పుంజు దానిమీద యుద్ధం చేసింది. అద్దం నిండా రెక్కల దుమ్ము, మాస్టారి భార్య చేత నాకు చివాట్లు. "చూశారా, దీనికి తనెవరో తెలీదు" అని జోక్ వేశాను. ఆ తర్వాత చదివాను. జర్మనీలో బాన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2023లో పుంజులతో ఒక ప్రయోగం ప్రచురించారు. పైన గద్ద నీడ కదిలినప్పుడు పక్కన ఇంకో పుంజు ఉంటే హెచ్చరిక కూత పెడుతుంది. ఒంటరిగా ఉంటే పెట్టడం తక్కువ. అద్దం ముందు ఉన్నప్పుడు ఒంటరిగా ఉన్నట్టే ప్రవర్తించిందట. ఒంటి మీద అద్దంలో తప్ప కనిపించని చోట మచ్చ పెట్టి, అద్దం చూసి దాన్ని తడుముకుంటాయా అని చూసే పరీక్షలో మాత్రం అవే పుంజులు తప్పాయి. నా జోక్ వెనక్కి తీసుకున్నాను. ప్రాణికి పనికొచ్చే ప్రశ్న మనం అడగకపోతే అది మొద్దు అని రాసేస్తాం.

మచ్చ పరీక్ష గాలప్ 1970లో చింపాంజీలతో మొదలుపెట్టింది. 2006లో ఒక ఏనుగు, 2008లో మాగ్‌పై పక్షులు నెగ్గాయి. 2019లో ఒక చిన్న చేప కూడా నెగ్గిందని రాస్తే ఇంకా కొట్టుకుంటున్నారు. పిల్లల్లో ఏడాదిన్నర నుంచి రెండేళ్ల మధ్య వస్తుంది. మాస్టారి మనవడు ఏప్రిల్‌లో 15 నెలలవాడు. అద్దం తెచ్చినరోజు దాన్ని ముద్దుపెట్టుకుని, వెనక్కి వెళ్లి పిల్లాడు ఎక్కడున్నాడో వెతికాడు. ఆగస్టులో నిద్రలో ఉండగా వాళ్లమ్మ చేత నుదుటిమీద కాటుక చుక్క పెట్టించాను. మా ఇళ్లలో దిష్టిచుక్క బుగ్గమీద పెడతారు కాబట్టి నుదురు వాడికి కొత్త. లేచి అద్దం చూసి, తన నుదురు తుడుచుకున్నాడు. అప్పటికింకా "నేను" అనే మాట రాలేదు. "బాబుకి, బాబుకి" అంటాడు. మాటకంటే ముందే లెక్క వచ్చింది.

వైద్యం

చల్లనీళ్లు ఎడమ చెవిలో పోస్తే కాసేపు "చెయ్యి నాదే" అంటారని 1991లో బిసియాక్ వాళ్లు రాశారు. కొడుకు ఇంటర్నెట్‌లో చూసి పోద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు. చెవి పొర ఎలా ఉందో చెవి డాక్టరు చూడాలి, కళ్లు తిరిగి వాంతులవుతాయి, పైగా ఫలితం నిలవదు.

చేసింది సాదాసీదా పని. భుజానికి పట్టీ, రోజుకి రెండుసార్లు కీళ్లు కదపడం, ఎడమవైపు చూపు తిప్పే అలవాటు. బల్ల ఎడమ అంచున ఎర్ర గుడ్డ కుట్టాం. అది కనిపించేదాకా తల తిప్పాకే తినాలి, తిప్పాకే గీయాలి. అద్దం ముందు రోజుకి పావుగంట, రెండు పూటలా. అద్దంలో చూస్తూ ఉండగా కొడుకు ఆ చేతిని బ్రష్‌తో రాస్తాడు, గ్లవ్ ప్రయోగం తిరగేసినట్టు.

నాకు ఇప్పటికీ పూర్తిగా సమాధానపడనిది ఒకటుంది. మొదటి మూడు వారాలు ఆయన కదలిక వ్యాయామానికి ఒప్పుకోలేదు, ఇంకొకరి చేతితో మనకేం పని అని. అప్పుడు నేను అన్నాను, "అన్నయ్య చెయ్యి బిగుసుకుపోతే బాగుంటుందా మాస్టారూ? ఆయన వచ్చేదాకా చూసుకోవాలిగా." వెంటనే కుడిచేత్తో ఎడమ చేతిని పట్టుకుని ఎత్తడం మొదలుపెట్టారు. పూటకి ఇరవైసార్లు, లెక్క తప్పకుండా. పేషెంటు భ్రమకి వంతపాడావని ఒక తోటి ఫిజియో నన్ను తప్పుపట్టాడు. తప్పే కావచ్చు. ఆ తర్వాత కూడా నా మాట నెగ్గించుకోవడానికే చూసి ఉంటే భుజం గట్టిపడిపోయేదని నాకు అనిపిస్తుంది. అయితే "ఆయన వచ్చేదాకా" అన్నమాట అనకుండా ఉండాల్సింది. ఒక సాయంత్రం ఆయన గుమ్మం వైపు చూస్తూ "ఇంకా రాలేదేటి" అన్నారు. తర్వాత మళ్లీ ఆ మాట వాడలేదు.

ఎనిమిదో వారంలో "ఇది అన్నదో నాదో" అన్నారు. పదో వారంలో, "నాదే గానీ చెప్పిన మాట ఇనదు." ఈ భ్రమ చాలామందిలో వారాల్లోనే దానంతటదే తగ్గుతుంది. కాబట్టి అద్దం వల్లే తగ్గిందని చెప్పుకోవడానికి నాకు నోరు రాదు. తనదని తెలిసిన వారం ఆయన మొదటిసారి ఏడ్చారు. అన్నది అయినంతకాలం అది పడిపోయిన చెయ్యి కాదు మరి. ఆ వారం వ్యాయామం సగమే జరిగింది.

ఎనిమిది నెలలకి వేళ్లు కొద్దిగా ముడుస్తున్నారు. కర్రతో నడుస్తారు. ఎడమవైపు గుమ్మానికి భుజం ఇంకా తగులుతూనే ఉంటుంది. సుద్ద గీత పదకొండో అంగుళం దగ్గర పడుతోంది. మిషన్ మీద గుడ్డ ఎక్కువభాగం సూదికి ఎడమవైపే ఉంటుంది, కాబట్టి కుట్టడం కష్టం. కొడుకు పక్కన కూర్చుని ఎడమ అంచు పట్టుకుంటాడు, ఈయన కుడిచేత్తో నడుపుతారు. దసరా ముందు పట్టుబట్టి నా ప్యాంటు ఒకటి తీసుకుని కింద మడతలు కుట్టి ఇచ్చారు. ఒక కాలు అంగుళం పొట్టి. క్లినిక్‌కి అదే వేసుకెళ్తున్నాను.